సంచార జీవనం, స్థిర నివాసం, కాన్పుల లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

జనాభా మాట ఎత్తినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. తిరుగుతూ బతికేవాళ్లకు పిల్లలు తక్కువని ఒకరంటారు, వాళ్లకే లెక్కలేనంత మంది అని మరొకరంటారు. ఇద్దరూ ఎంతో ధీమాగా చెబుతారు. అవే సందేహాలు పదేపదే ఎదురవుతున్నందున జవాబులన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## లెక్కల్లోకి దిగేముందు

సంచారులకు పిల్లలు తక్కువ, స్థిరపడినవాళ్లకు ఎక్కువ అంటారు. నిజమేనా?

సగటు మీద చూస్తే కొంత నిజం. గర్భనిరోధకాల వాడకం లేని 57 సమాజాలను గిలియన్ బెంట్లీ బృందం 1993లో పోల్చి చూసింది. స్థిర వ్యవసాయం చేసేవారిలో స్త్రీకి సగటున 6.6 మంది, వేట, సేకరణ మీద బతికేవారిలో 5.6 మంది, పోడు తరహా సాగుదారుల్లో 5.4 మంది పిల్లలు పుట్టినట్టు తేలింది. అంటే తేడా సుమారు ఒక బిడ్డ. అంతకు ఐదేళ్ల ముందు కెన్నెత్ కాంప్‌బెల్, జేమ్స్ వుడ్ 70 సమాజాలను పరిశీలించి, చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. ఏ సమాజాన్ని ఏ వర్గంలో వేశారు, ఎవరి లెక్కను నమ్మదగిందిగా తీసుకున్నారు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయింది.

నా దృష్టిలో సగటు కన్నా దాని లోపలున్న తేడాలే ముఖ్యం. పరాగ్వే అడవుల్లో తిరిగిన అషే స్త్రీలకు సగటున 8 మంది పిల్లలు పుట్టారు. టాంజానియాలోని హద్జా స్త్రీలకు 6 మందికి కాస్త పైగా, బోట్స్వానాలోని కుంగ్ స్త్రీలకు 4.7 మంది. ముగ్గురూ వేట, సేకరణ మీద బతికినవారే, ముగ్గురూ ఊరు కట్టుకోకుండా తిరిగినవారే. సంచారం ఒక్కటే కారణమైతే ఈ మూడు అంకెలు ఇంత దూరదూరంగా ఉండవు.

సంచారులు అంటే ఎవరు? అందరినీ ఒకే గాటన కట్టవచ్చా?

కట్టకూడదు. అడవి మీద, వేట మీద బతుకుతూ మకాం మార్చేవారు ఒక రకం. గొర్రెలు, మేకలు, ఆవులు, ఒంటెలతో మేత వెంట సాగే పశుపాలకులు మరో రకం. చేతివృత్తి, వ్యాపారం, కళ, వైద్యం వంటి పనులతో ఊరూరా తిరిగేవారు మూడో రకం. వీరు తినే తిండి వేరు, ఆస్తి వేరు, పెళ్లి కట్టుబాట్లు వేరు. పశుపాలకుల దగ్గర పసిబిడ్డకు పోయడానికి పశువుల పాలు ఉంటాయి, వేటగాళ్ల దగ్గర ఉండవు. ఈ ఒక్క తేడా చాలు, కాన్పుల మధ్య ఎడం మారిపోవడానికి. పైగా ఏడాదిలో కొంతకాలం ఒకచోట ఉండి, కొంతకాలం తిరిగే సగం సంచారులు ప్రపంచంలో ఎంతోమంది ఉన్నారు.

జననరేటు, సంతానోత్పత్తి రేటు రెండూ ఒకటేనా?

కాదు. జననరేటు అంటే ఏడాదిలో వెయ్యిమంది జనాభాకు ఎంతమంది పుట్టారన్న లెక్క. ముసలివాళ్లు, పిల్లలు ఎక్కువగా ఉన్న సమూహంలో అది దానంతట అదే తగ్గిపోతుంది. మొత్తం సంతానోత్పత్తి రేటు అంటే ఒక స్త్రీ కాన్పుల వయసంతా దాటేసరికి సగటున ఎంతమందిని కంటుందన్న అంచనా. రెండు సమూహాలను పోల్చాలంటే రెండోదే మేలు. వార్తల్లో ఈ రెండింటినీ కలగాపులగం చేసి రాయడం వల్ల చాలా అపోహలు పుడుతున్నాయి.

పుట్టిన తేదీలు రాసుకోని సమూహాల్లో వయసు ఎలా తెలుస్తుంది?

ఓపికతో తెలుసుకుంటారు. నాన్సీ హోవెల్ 1960ల చివర్లో కలహారిలోని కుంగ్ ప్రజల లెక్క తీసినప్పుడు ఎవరినీ నేరుగా వయసు అడిగి లాభం లేకపోయింది. కానీ ఇద్దరిని చూపించి వీరిలో ఎవరు పెద్ద అంటే తడుముకోకుండా చెప్పేవారు, ఎందుకంటే పలకరింపు వరుసలు దాని మీదే ఆధారపడి ఉంటాయి. అలా జతలు జతలుగా అడుగుతూ, అందరినీ చిన్న నుంచి పెద్ద దాకా ఒకే వరుసలో నిలిపి, ఆ వరుసను జనాభా శాస్త్రంలోని వయసు నమూనాలతో సరిపోల్చి ఒక్కొక్కరి వయసు అంచనా కట్టారు. మిగతా చోట్ల కరువు, మశూచి, పెద్ద వరద, యుద్ధం వంటి ఘటనలతో స్థానిక కాలపట్టిక తయారుచేసి, ఫలానా కరువు నాటికి బిడ్డ నడుస్తోందా, చంకలో ఉందా అని అడుగుతారు.

ఎంత చేసినా ఒక లోటు మిగిలే ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులకే పోయిన బిడ్డల సంగతి తల్లులు చెప్పరు. మరిచిపోయి కొందరు, మాట పెగలక కొందరు. చాలాచోట్ల పేరు పెట్టకముందే పోయిన బిడ్డను లెక్కలోకి తీసుకునే ఆచారం కూడా లేదు. అందువల్ల కాన్పులు ఉన్నవాటికన్నా తక్కువగా నమోదవుతాయి. నమోదు వ్యవస్థకు దూరంగా తిరిగే సమూహాల్లో ఈ లోటు ఇంకా ఎక్కువ.

## సంచారంలో ఉన్న రోజుల్లో

రోజూ మైళ్లకొద్దీ నడిచే స్త్రీకి గర్భం త్వరగా రాదా?

నడక ఒక్కటే గర్భాన్ని ఆపదు. శరీరానికి తిండి ద్వారా వచ్చే శక్తి రాబడి అనుకుంటే, నడక, మోత, నీళ్లు తేవడం, పాలివ్వడం ఖర్చు. ఖర్చు రాబడిని మించిన నెలల్లో అండాశయం పని మందగిస్తుంది. నెలసరి వస్తున్నా ప్రొజెస్టిరాన్ హార్మోను తగ్గి, గర్భం నిలిచే అవకాశం సన్నగిల్లుతుంది.

దీన్ని బాగా చూపినవారు పీటర్ ఎలిసన్ బృందం. కాంగోలోని ఇటూరి అడవి ప్రాంతంలో లెసే స్త్రీల లాలాజలాన్ని సేకరించి హార్మోన్లు కొలిచారు. ధాన్యం అయిపోయి బరువు తగ్గే నెలల్లో హార్మోన్లు కూడా పడిపోయాయి. లెసే ప్రజలు సంచారులు కారు, ఊళ్లో ఉండి సాగు చేసుకునేవారు. అంటే ఆకలి నెలలు ఎవరికి వస్తే వారికే ఈ ప్రభావం. సంచారులకు అలాంటి నెలలు ఎక్కువగా రావచ్చు, రాకపోనూ వచ్చు.

పాలిస్తున్నంత కాలం మళ్లీ గర్భం రాదంటారు. సంచార తల్లులకు ఎడం ఎక్కువగా ఉండటం అందుకేనా?

పెద్ద కారణాల్లో ఇదొకటి. అయితే ఎన్నేళ్లు పాలిచ్చారన్నది ఒక్కటే చూస్తే చాలదు, రోజుకు ఎన్నిసార్లు ఇచ్చారన్నది కూడా చూడాలి. మెల్విన్ కానర్, కరోల్ వర్త్‌మన్ 1980లో కుంగ్ తల్లులను దగ్గరుండి గమనించి రాసిన వివరాలు ఆశ్చర్యం కలిగిస్తాయి. తోలు జోలెలో తల్లి ఒంటికి అంటిపెట్టుకుని ఉన్న బిడ్డ అడగకుండానే అందుకుని తాగుతుంది. ఒక్కోసారి తాగేది రెండు నిమిషాలు. సగటున పదమూడు నిమిషాలకే మళ్లీ. పగలంతా ఇదే తీరు, రాత్రి పక్కలోనూ అంతే. ఇలా పదేపదే చప్పరించడం వల్ల తల్లి మెదడు నుంచి అండాశయానికి వెళ్లే సంకేతాలు అణగి ఉంటాయి. ఈ తీరు రెండు మూడేళ్లు సాగుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ అర్జెంటీనాలో ఉంది. ఒకప్పుడు గ్రాన్ చాకో మైదానాల్లో వేట, సేకరణతో తిరిగిన తోబా ప్రజలు ఫార్మోసా నగరం అంచున స్థిరపడ్డారు. అక్కడి తల్లులు కూడా రాత్రీ పగలూ బిడ్డ అడిగినప్పుడల్లా పాలిస్తారు. అయినా వారికి సగటున పది నెలలకే నెలసరి తిరిగి మొదలైందని క్లాడియా వాలెగ్గియా, ఎలిసన్ గమనించారు. తిండి పుష్కలం, నడక తక్కువ. పాలివ్వడం శరీరానికి భారం కానప్పుడు అది గర్భాన్ని ఎక్కువకాలం ఆపలేదన్నమాట. ఇటీవలి పరిశోధనల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

ఇద్దరు పసివాళ్లను మోయలేక కావాలనే ఎడం పెట్టేవారా?

మోత భారం నిజం. రిచర్డ్ లీ లెక్క ప్రకారం కుంగ్ స్త్రీ ఏడాదికి సుమారు 2,400 కిలోమీటర్లు నడిచేది. సేకరించిన గింజలు, దుంపలు, నీళ్లు, కట్టెలతో పాటు నాలుగేళ్లు వచ్చేదాకా బిడ్డను మోస్తూనే ఉండేది. రెండేళ్లకోసారి కాన్పైతే ఎప్పుడూ ఇద్దరు మీద ఉంటారు. నికోలస్ బ్లర్టన్ జోన్స్ దీన్ని లెక్కగట్టి, నాలుగేళ్ల ఎడమే ఎక్కువమంది బిడ్డలను బతికించగలదని వాదించారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఈ లెక్క ఇతర సమాచారంతో అంతగా పొసగడం లేదని అభ్యంతరం చెప్పారు.

కావాలని పెట్టారా అంటే మాత్రం తేల్చి చెప్పడం కష్టం. అవసరం ఒకవైపు, శరీరధర్మం ఒకవైపు అదే దిశలో లాగుతున్నప్పుడు ఎవరి పాత్ర ఎంతో విడదీయలేం.

పుట్టిన బిడ్డలను చంపి ఎడం పాటించేవారని చదివాను. అంత దారుణమా?

ఈ మాటను కథలుగా పెంచి చెప్పినవారే ఎక్కువ. కుంగ్ ప్రజల్లో నమోదైన 500 కాన్పుల్లో ఇలాంటివి 6 మాత్రమే అని హోవెల్ లెక్క చెబుతుంది. కవలలు పుట్టడం, బిడ్డకు తీవ్రమైన అవకరం ఉండటం, ముందు పుట్టిన బిడ్డ ఇంకా పాలు తాగుతుండటం వంటి గత్యంతరం లేని పరిస్థితుల్లో జరిగినవి అవి. స్థిరపడిన సమాజాల చరిత్రలోనూ, రాజ్యాలు, నగరాలు ఉన్నచోట కూడా శిశుహత్యలు, పసికందులను వదిలేయడం ఉన్నాయి. దీన్ని సంచారుల లక్షణంగా చూపడం అన్యాయం. తక్కువ కాన్పులకు ఇది ప్రధాన కారణం కానే కాదు.

పశుపాలకుల్లో కాన్పులన్నీ ఒకే కాలంలో వస్తాయట, ఎందుకు?

వానల వల్ల. ఉత్తర కెన్యాలోని సంచార తుర్కానా ప్రజల్లో సగానికి పైగా కాన్పులు మార్చి నుంచి జూన్ లోపే జరుగుతున్నాయని పాల్ లెస్లీ, పెగ్గీ ఫ్రై 1989లో చూపారు. వానలు పడితే గడ్డి మొలుస్తుంది, పశువులు పాలిస్తాయి, తల్లులు ఒళ్లు చేస్తారు, ఆ తర్వాతి నెలల్లో గర్భాలు నిలుస్తాయి. తొమ్మిది నెలలు లెక్కపెట్టుకుంటే మళ్లీ వానల ముంగిట కాన్పులు. కరువు ఏడాదిలో ఈ వరుస చెదిరిపోతుంది.

భర్తలు మందలతో నెలల తరబడి దూరంగా ఉంటే కాన్పులు తగ్గవా?

కొంత తగ్గుతాయి. అయితే తల్లికి ఎలాగూ గర్భం రాని కాలంలోనే, అంటే పాలిచ్చే తొలి ఏడాదిలో, భర్త దూరంగా ఉంటే ఆ ఎడబాటు లెక్కను పెద్దగా మార్చదు. ఏ నెలల్లో దూరమయ్యారన్నదే అసలు సంగతి. పట్టణాలకు వలసపోయే కూలీల కుటుంబాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

పెళ్లి ఆచారాలకు ఇందులో పాత్ర ఉందా?

చాలా ఉంది. మాలీలోని సంచార పశుపాలకులైన కెల్ తమాషెక్ ప్రజలను తీసుకోండి, వీరినే బయటివారు తువారెగ్‌లు అంటారు. 1980ల మొదట్లో సారా రాండల్ చేసిన అధ్యయనంలో పొరుగునున్న బంబారా రైతుల కన్నా వీరి స్త్రీలకు పిల్లలు తక్కువని తేలింది. శరీరంలోనూ, నడకలోనూ కారణం వెతకబోతే దొరకలేదు, కుటుంబ పద్ధతిలో దొరికింది. వీరు ఏకపత్నీవ్రతులు, పైగా భర్త భార్యకన్నా ఎంతో పెద్దవాడు. విధవలు, విడాకులు తీసుకున్నవారు చాలామంది మళ్లీ పెళ్లాడరు. అందువల్ల కాన్పుల వయసులో ఉన్న స్త్రీలలో ఎప్పుడు చూసినా గణనీయమైన భాగం భర్త లేకుండానే ఉంటారు. బంబారాల్లో బహుభార్యాత్వం ఉంది, ఒంటరైన స్త్రీకి త్వరగానే మళ్లీ పెళ్లవుతుంది.

కెన్యాలో ఒంటెలు మేపుకునే రెండిల్లేల కథ ఇంకా విశేషమైనది. వారిలో పురుషులను వయోవర్గాలుగా విభజిస్తారు. ప్రతి మూడో వయోవర్గానికి చెందినవారి కూతుళ్లను సెపాదే అనేవారు. ఆ ఆడపిల్లలు తమ అన్నదమ్ములందరికీ పెళ్లిళ్లు అయ్యేదాకా ఆగాల్సి వచ్చేది. ఈలోగా ఒంటెల మందలను కాచేది వారే. ఏళ్ల తరబడి ఆగిన ఆ స్త్రీలకు పిల్లలు తక్కువ పుట్టారని ఎరిక్ రాత్ లెక్కలు చూపాయి. 1998లో రెండిల్లేలే ఈ ఆచారాన్ని ఎత్తివేశారు. ఒక సమూహం తన జనన లెక్కను కట్టుబాటుతో పట్టి ఉంచి, మరో తీర్మానంతో వదిలేయడం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు అరుదు.

కొన్ని సంచార సమూహాల్లో పిల్లలే పుట్టని స్త్రీలు ఎక్కువట. రక్తసంబంధాల్లో పెళ్లిళ్ల వల్లనా?

చాలాచోట్ల అసలు కారణం లైంగిక వ్యాధులు. గనేరియా, క్లామిడియా చికిత్స లేకుండా ముదిరితే గర్భనాళాలు మూసుకుపోతాయి. తొలి కాన్పు తర్వాత మళ్లీ గర్భం రాకపోవడానికీ ఇవే తరచు కారణం. మధ్య ఆఫ్రికాలో 20వ శతాబ్దంలో పెద్ద ప్రాంతమే సంతానలేమి బారిన పడింది, అందులో సంచారులూ ఉన్నారు, రైతులూ ఉన్నారు. బోట్స్వానాలోని హెరెరో పశుపాలకుల్లో శతాబ్ది తొలి సగంలో కాన్పులు బాగా పడిపోయి, యాంటీబయాటిక్ మందులు వచ్చాక మళ్లీ పుంజుకున్నాయని రెనీ పెన్నింగ్టన్, హెన్రీ హార్పెండింగ్ చూపారు. వారు పశువుల వెంటే ఉన్నారు, మారింది మందు ఒక్కటే.

సంతానం లేని స్త్రీని నిందించే అలవాటు అన్ని సమాజాల్లోనూ ఉంది. ఆ నింద ఎంత తప్పో ఈ ఉదాహరణ చెబుతుంది.

## స్థిరపడుతున్న తరంలో

గుడారం వదిలి ఇల్లు కట్టుకోగానే కాన్పులు ఎందుకు పెరుగుతాయి?

ఎక్కువగా ఎడం తగ్గడం వల్ల. కుంగ్ స్త్రీలు తిరుగుతున్నప్పుడు కాన్పుకూ కాన్పుకూ మధ్య సుమారు 44 నెలలు ఉండగా, పశువుల దొడ్ల దగ్గర స్థిరపడినవారిలో అది 36 నెలలకు తగ్గిందని లీ నమోదు చేశారు. జొన్న జావ, ఆవుపాలు దొరకడంతో బిడ్డకు పాలు త్వరగా మాన్పించగలిగారు. తల్లి నడక తగ్గింది, ఒంట్లో శక్తి నిల్వ పెరిగింది. బిడ్డను ఇంటి దగ్గర పెద్దపిల్లలకు, అవ్వలకు అప్పగించే వీలు కలిగింది.

అలాస్కాలో కారిబూ జింకలను వేటాడుతూ తిరిగిన నునామ్యుట్ ప్రజలు 1950 ప్రాంతంలో అనక్తువుక్ పాస్ దగ్గర ఊరు కట్టుకున్నారు. వారిలోనూ కాన్పులు పెరిగాయి. అక్కడ తిండి మారడంతో పాటు, పురుషులు నెలల తరబడి వేటకు దూరం వెళ్లడం తగ్గడం కూడా కారణమని లూయిస్ బిన్‌ఫోర్డ్, డబ్ల్యు. జె. చాస్కో వివరించారు. కెనడాలో జేమ్స్ బే తీరపు క్రీ ప్రజల్లో కాన్పులు పెరగడానికి తల్లిపాల స్థానంలో సీసాపాలు రావడం ముఖ్య కారణమైంది. స్థిరపడటం ఒకటే, దారులు మూడు.

వేల ఏళ్ల కిందట వ్యవసాయం మొదలైనప్పుడు ఇదే జరిగిందా? ఎలా తెలుస్తుంది?

జరిగిందనే సమాధులు చెబుతున్నాయి. జనాభా పెరుగుతున్న సమాజంలో పిల్లల వాటా ఎక్కువ, కాబట్టి శ్మశానంలోనూ వారి ఎముకల వాటా ఎక్కువగా ఉంటుంది. పసికందుల ఎముకలు మట్టిలో త్వరగా కలిసిపోతాయి గనుక వారిని పక్కనపెట్టి, ఐదేళ్లు దాటినవారి అస్థిపంజరాల్లో 5 నుంచి 19 ఏళ్లవారు ఎంతమందో జాన్-పియర్ బోకే-అపెల్ లెక్కించారు. వ్యవసాయం అడుగుపెట్టిన 500 నుంచి 700 ఏళ్లలో ఆ వాటా సుమారు 20 శాతం నుంచి 30 శాతం దాకా పెరిగింది. యూరప్‌లో కనిపించిన ఈ ధోరణి ఉత్తర అమెరికా సమాధుల్లోనూ కనిపించింది.

పాలు ఎప్పుడు మాన్పించారో కూడా ఎముకలు కొంతవరకు చెబుతాయి. తల్లిపాలు తాగే బిడ్డ ఎముకల్లో నత్రజనిలోని బరువైన రకం వాటా ఎక్కువగా ఉంటుంది, పాలు మాన్పించాక తగ్గుతుంది.

కాన్పులు పెరిగాయంటే పిల్లలు ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

కాదు, చాలాసార్లు సంగతి తలకిందులుగా ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అగ్తా ప్రజలపై అబిగైల్ పేజ్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం దీన్ని సూటిగా చూపింది. స్థిరపడిన మకాముల్లో తల్లులకు కాన్పులు ఎక్కువ, అంటురోగాలు, కడుపులో నులిపురుగులు ఎక్కువ, పిల్లల మరణాలూ ఎక్కువ. అయినా చివరికి బతికి బట్టకట్టిన పిల్లల సంఖ్య సంచార తల్లుల కన్నా ఎక్కువే. జనాభా పెరిగింది, దాని వెల తల్లులు, పిల్లలు చెల్లించారు.

రెండిల్లే పిల్లల్లో ఇదే సంగతి మరో రూపంలో కనిపించింది. ఒంటెలతో తిరిగే కుటుంబాల్లోని పిల్లలు, స్థిరపడిన పట్టణాల్లోని పిల్లల కన్నా ఎక్కువ పాలు తాగేవారు, ఎత్తూ బరువూ మెరుగ్గా ఉండేవి. కరువులోనూ ఈ తేడా నిలిచింది. టీకాలు, ఆసుపత్రి దగ్గరలో ఉండటం స్థిర జీవనంలోని లాభాలే. కానీ మంద పోయిన కుటుంబానికి పట్టణం అంచున దొరికే తిండి ఆ లాభాన్ని మింగేస్తుంది.

స్థిరపడినా కాన్పులు తక్కువే ఉన్న సమాజాలు ఉన్నాయా?

ఉన్నాయి. పపువా న్యూగినీ కొండల్లో సాగు చేసుకునే గైంజ్ స్త్రీలకు సగటున 4.3 మంది పిల్లలు, అంటే తిరిగే కుంగ్ స్త్రీల కన్నా తక్కువ. పారిశ్రామిక యుగానికి ముందు వాయవ్య యూరప్‌లో స్త్రీలు పాతికేళ్ల దరిదాపుల్లో పెళ్లాడేవారు, కొందరు అసలు పెళ్లే చేసుకునేవారు కారు. అందువల్ల అక్కడ సగటు 4, 5 మంది దగ్గరే ఆగింది. మరోవైపు అమెరికా, కెనడాలలో మతకట్టుబాటుతో గర్భనిరోధం పాటించని హటరైట్ రైతుల్లో 20వ శతాబ్ది తొలి సగంలో అది 10 దాటింది. ముగ్గురూ ఒకచోట కుదురుగా ఉన్నవారే.

బలవంతంగా స్థిరపరిస్తే ఏమవుతుంది?

కజకిస్తాన్ చరిత్ర చదవండి. 1930ల మొదట్లో సోవియట్ ప్రభుత్వం పశుపాలకులను బలవంతంగా స్థిరపరచి, మందలను సామూహిక క్షేత్రాలకు లాక్కుంది. పశువులు నశించాయి, కరువు వచ్చింది. 1930 నుంచి 1933 మధ్య సుమారు 15 లక్షల మంది చనిపోయారు, వారిలో అత్యధికులు కజక్‌లు. స్థిరపడితే జనాభా పెరుగుతుందన్న సూత్రాన్ని ప్రజల ఇష్టం, జీవనాధారం అనే రెండు మాటలు వదిలేసి చెప్పకూడదు.

కాన్పులు తక్కువైతే ఆ సమూహం క్రమంగా అంతరించిపోతుందా?

పోనక్కర్లేదు. ఎంతమంది పుట్టారన్నదే కాదు, ఎంతమంది బతికి మళ్లీ పిల్లలను కన్నారన్నది కూడా ముఖ్యం. వేట, సేకరణ మీద బతికే సమూహాల్లో పుట్టిన వందమందిలో సగటున 57 మంది 15 ఏళ్లు దాటేవారని మైకేల్ గర్వెన్, హిల్లార్డ్ కాప్లాన్ లెక్కగట్టారు. అలాంటి పరిస్థితిలో స్త్రీకి 4.7 మంది పుట్టినా జనాభా నెమ్మదిగా పెరగగలదు. అంటురోగం, భూమి కోల్పోవడం, హింస వంటివి మరణాలను పెంచినప్పుడే సమూహాలు కుంగిపోయాయి.

## ఈ కాలంలో

ఇప్పుడు మాత్రం సంచారులకే ఎక్కువమంది పిల్లలు అంటున్నారు. లెక్క తిరగబడిందా?

చాలాచోట్ల తిరగబడింది. సంచారుల కాన్పులు పెరగడం కన్నా, స్థిరపడినవారివి తగ్గడం ఇందుకు ఎక్కువ కారణం. చదువు, గర్భనిరోధకాలు, పిల్లల మరణాలు తగ్గడం ముందుగా పట్టణాలకు, తర్వాత పల్లెలకు చేరాయి. తిరిగేవారికి చివరగా చేరాయి, కొన్నిచోట్ల ఇంకా చేరలేదు. సంచారులను విడిగా లెక్కించిన కొద్ది దేశాల్లో సోమాలియా ఒకటి. 2020లో వెలువడిన అక్కడి ఆరోగ్య సర్వే ప్రకారం దేశ సగటు 6.9 కాగా, సంచారుల్లో 7.3, పట్టణాల్లో 6.4.

అయితే ఎక్కువ కాన్పులంటే ఎక్కువ భద్రత అనుకోవద్దు. ఐర్లాండ్‌లోని ట్రావెలర్ సమూహంపై 2010లో వచ్చిన ఆరోగ్య అధ్యయనంలో ఏడాదిలోపు శిశుమరణాలు వెయ్యికి 14 అని తేలింది. ఆ దేశ సగటు 4 లోపే. సంపన్న దేశంలో ఉంటూ కూడా ఇంత తేడా.

పశుపాలకులు ఎక్కువమందిని కనడం అవగాహన లేకనేనా?

ఈ ప్రశ్నలోనే ఒక తీర్పు దాగి ఉంది, దాన్ని నేను అంగీకరించను. మందలో దూడలను ఒకరు, మేకలను ఒకరు, పెద్ద పశువులను మరొకరు వేర్వేరు దిక్కులకు తోలాలి. ఒకరు నీళ్ల బావి దగ్గర ఉండాలి, మరొకరు పట్టణంలో చదువుకోవాలి. కరువు వస్తే బంధుత్వాలే బీమా. పింఛను లేదు, పిల్లలు బతుకుతారన్న హామీ లేదు. ఇన్ని లెక్కలు వేసుకున్న తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయం అది. పిల్లలు బతుకుతారన్న నమ్మకం కలిగినచోట, ఆడపిల్లలు బడికి వెళ్లినచోట అదే తల్లిదండ్రులు తక్కువమందితో ఆగిపోతున్నారు.

ఒకసారి స్థిరపడ్డాక పెరిగిన కాన్పులు ఎప్పటికీ అలాగే ఉంటాయా?

ఉండవు. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఉన్న బెడూయిన్ స్త్రీలకు 2000 ప్రాంతంలో సగటున 9 మందికి పైగా పిల్లలు ఉండేవారు. తర్వాతి పదిహేనేళ్లలో అది 6 కిందకు దిగింది. ఆడపిల్లల చదువు, ఆలస్యపు పెళ్లిళ్లు, కుటుంబాలకు ఇచ్చే భత్యాల్లో కోత, పట్టణ ఖర్చులు అన్నీ కలిసి దాన్ని దించాయి.

ప్రభుత్వాలు ఈ లెక్కను మార్చగలవా?

మంగోలియాలో రెండువైపులా మార్చాయి. జనాభా తక్కువగా ఉందని అక్కడి ప్రభుత్వం 1957 నుంచి ఎక్కువమందిని కన్న తల్లులకు పతకాలు ఇచ్చింది, గర్భనిరోధకాల మీద ఆంక్షలు పెట్టింది, లైంగిక వ్యాధులకు చికిత్స అందించింది. 1970ల్లో సగటు 7 దాటింది. ఆంక్షలు తొలగి, సోవియట్ కాలపు సహాయం ఆగిపోయాక 2000 నాటికి 2 దరిదాపులకు పడిపోయింది. అప్పుడు కూడా దేశంలో పెద్ద భాగం గుడారాల్లోనే ఉండి మందలు కాస్తోంది.

తిరిగే కుటుంబాలకు కుటుంబ నియంత్రణ సేవలు ఎలా అందుతాయి?

ఆసుపత్రికి రమ్మంటే అందవు. నెలనెలా వేసుకునే మాత్రల కన్నా నెలల తరబడి పనిచేసే ఇంజెక్షన్లు, చర్మం కింద అమర్చితే ఏళ్లపాటు పనిచేసే ఇంప్లాంట్లు వీరికి అనువు. అయితే తీయించుకోవాలనుకున్నప్పుడు ఏ ఊళ్లోనైనా తీసే ఏర్పాటు ఉండాలి, లేకపోతే అది సేవ అనిపించుకోదు. పశువుల టీకా బృందాలతో పాటే పిల్లల టీకాలు, తల్లుల సేవలు వెళ్లిన చోట్ల ఆదరణ బాగుంది. చేతిలో ఉంచుకునే ఆరోగ్య కార్డు, సొంత సమూహం నుంచే వచ్చిన ఆరోగ్య కార్యకర్త తప్పనిసరి.

మా ముత్తాతల కాలం దాకా మావాళ్లు సంచారులే. మా కుటుంబంలోని కాన్పుల లెక్క రాయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

పెద్దవయసు స్త్రీలతో, ఒక్కొక్కరితో విడిగా మొదలుపెట్టండి. మొత్తం ఎంతమంది అని అడగవద్దు. తొలిచూలు ఎవరు, ఆ తర్వాత ఎవరు అని వరుసగా అడగండి. ఏ సంవత్సరం అని అడిగితే తడబడతారు, అప్పుడు మకాం ఎక్కడ అంటే టక్కున చెబుతారు. ఇద్దరు బిడ్డల మధ్య ఎడం మరీ ఎక్కువగా కనిపిస్తే, మధ్యలో ఎవరైనా పుట్టి పోయారా అని మెల్లగా అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయండి. పాలు ఎప్పుడు మాన్పించారు, అప్పుడు ఏం తినిపించారు, తండ్రి దగ్గర ఉన్నాడా అన్నవి కూడా రాసుకోండి. చిన్నమ్మల, పెద్దమ్మల పిల్లల్లో ఎవరు ఎవరికన్నా పెద్దో పోల్చుకుంటే వయసులు వాటంతట అవే వరుసలో పడతాయి. కుటుంబం మొదటిసారి ఒకచోట ఇల్లు వేసుకున్న ఏడాది దగ్గర కాగితం మీద అడ్డంగా గీత గీయండి. ఆ గీతకు ముందు కాన్పుల మధ్య ఎన్నేళ్లు, తర్వాత ఎన్నేళ్లు అన్నది విడివిడిగా కూడుకుంటే మీ ఇంటి జవాబు మీకు దొరుకుతుంది.